ఎడమచేతి పేజీలు

ఆ పుస్తకం వద్దని రాసినప్పుడు మాలతి కారణం కూడా రాసింది. "సగం పేజీలు ఎడమచేతివాళ్లకే పోయాయి. మన బ్యాచ్‌కు వృథా" అని నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాసి, కింద సంతకం చేసింది. రాస్తున్నప్పుడు ఆమె మనసులో ఎవరికీ కీడు చేసే ఆలోచన లేదు. అప్పటికి గంగ అనే మనిషి ఒకతె ఉందని కూడా ఆమెకు తెలియదు.

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తాకు కాస్త ఇవతల, ఒక సంస్థ వాళ్లు నడిపే కుట్టు శిక్షణ కేంద్రంలో మాలతి పన్నెండేళ్లుగా టీచరు. మగ్గం పని, అద్దాల పని, చీర అంచులు, జాకెట్ల చేతులు, ఏది అడిగినా ఆమెకు వచ్చు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు దోమకొండలో, భిక్నూర్‌లో, బాన్సువాడలో దుకాణాలు పెట్టుకున్నారు. బస్సులో ఎవరో ఒకరు "నమస్తె మేడం" అని సీటిచ్చేవాళ్లు. ఆ పిలుపు అంటే ఆమెకు ఇష్టం.

కిందటి ఏడాది ఆషాఢంలో కేంద్రం ఇన్‌చార్జి శైలేందర్ ఒక కొత్త మాట మోసుకొచ్చాడు. హైదరాబాద్ బొటిక్కులవాళ్లు ఇప్పుడు బ్రెజిలియన్ ఎంబ్రాయిడరీ, డైమెన్షనల్ ఎంబ్రాయిడరీ అడుగుతున్నారట. బట్టకు అంటుకుని పడుకునే పువ్వు కాదు, రేకులు రేకులుగా పైకి లేచి, వేలితో తాకితే కదిలే పువ్వు. మెరిసే రేయాన్ దారంతో కుడతారు.

"మీకు వచ్చు కద మేడం?" అన్నాడు శైలేందర్.

"వచ్చు సార్" అంది మాలతి.

ఫోన్‌లో నాలుగైదు వీడియోలు చూసింది, అంతే. కానీ పన్నెండేళ్ల టీచరు నోట 'రాదు' అన్న మాట ఎలా వస్తుంది? వచ్చు అంది. అన్నాక నేర్చుకుంటే సరిపోతుందిలే అనుకుంది.

పిల్లలకు ఇద్దరికి ఒకటి చొప్పున పుస్తకాలు కొనాలని, అవి ఏవో మాలతే ఎంచాలని తేల్చారు. హైదరాబాద్ నుంచి ఒక పుస్తకాల షాపువాళ్లు మచ్చుకు అయిదు పంపారు. అన్నీ ఇంగ్లీషువే. ఒకదాంట్లో కుట్లకంటే దారాల రంగుల పట్టికలు ఎక్కువ. ఒకటి ఇదివరకే వచ్చినవాళ్ల కోసం రాసింది. మరొకటి చిన్నపిల్లలు సెలవుల్లో కాలక్షేపానికి కుట్టేది. ఆ మూడూ పక్కన పెట్టడానికి అరగంట పట్టలేదు. మిగిలినవి రెండు.

మొదటిది పెద్దది, నున్నటి కాగితం, అట్ట మీద గులాబీల గుత్తి. ప్రతి పేజీలోనూ పూర్తయిన పువ్వు ఫోటో. ఒక్కో కుట్టుకు రెండే బొమ్మలు, మొదలు ఒకటి, చివర ఒకటి. రెండోది పల్చటిది, వీపుకు ఇనుప రింగులు, లోపల రంగన్నది లేదు. ఒక్కో కుట్టుకు తొమ్మిది గీతల బొమ్మలు. కుడిపక్క పేజీలో కుడిచేతికి, ఎదురు పేజీలో అదే కుట్టు ఎడమచేతికి. దారం ఎటు తిరగాలో చిన్న చిన్న బాణాలు.

మాలతి సూది, దారం తీసుకుని రింగుల పుస్తకం ముందు పెట్టుకుని ఒక కుట్టు మొదలుపెట్టింది. నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయింది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆ పుస్తకంతో అదే చిక్కు. ఎక్కడ తప్పావో వేలు పెట్టి చూపిస్తుంది, టీచరుకైనా సరే, పిల్లకైనా సరే. గులాబీల పుస్తకం అలా కాదు. మధ్యలో ఏం జరగాలో అది చెప్పదు. చెప్పాల్సింది టీచరే. ఆ సంగతి మాలతికి నచ్చింది. కానీ నచ్చింది అదేనని ఆ రోజు తనతో తాను కూడా ఒప్పుకోలేదు. రంగులు బాగున్నాయి కాబట్టి నచ్చింది అనుకుంది.

స్టేషన్ రోడ్డులో దారాలు, లేసులు అమ్మే కుల్సుంకు రెండు పుస్తకాలూ చూపించింది. కుల్సుం మాలతికంటే పదేళ్లు పెద్ద, అందుకే అక్క అన్నట్టు ఆపా అని పిలుస్తుంది. పాతికేళ్లుగా ఆ దుకాణంలోనే కూర్చుని ఊళ్లో ఎవరి చెయ్యి ఎలాంటిదో ఎరిగిన మనిషి. అద్దాలు ముక్కు మీదికి జార్చి రెండూ తిరగేసింది.

"గీ రింగులదే తీస్కో మాలతీ. ఇంగ్రేజీ రానోళ్లకు బొమ్మలే కద చదువు. దీంట్ల బొమ్మలు మాట్లాడుతున్నయి."

"రంగుల్లేవు ఆపా. చూడబుద్ధే కాదు. పైంగ సగం పుస్తకం ఎడమచేతోళ్లకే పాయె. ఎంతమంది ఉంటరు గట్ల?"

"ఒక్కరు ఉన్న గాని ఉన్నట్టే కద" అంది కుల్సుం, పుస్తకం తిరిగి ఇచ్చేస్తూ.

మాలతి గులాబీల పుస్తకం ఖాయం చేసింది. రింగుల పుస్తకం వద్దనడానికి కారణం రాసి శైలేందర్ చేతికిచ్చింది.

బ్యాచ్‌లో పద్దెనిమిది మంది చేరారు. వాళ్లలో గంగ ఒకతె. ఎల్లారెడ్డి దగ్గర తండా నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చేది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లయి, భర్త ప్రేమ్‌సింగ్ పని కోసం గల్ఫ్‌కు పోతే తల్లి మోతి దగ్గరే ఉంటోంది. మోతి తండాలో పేరున్న చెయ్యి. గవ్వలు, అద్దాలు కుట్టిన రవికలు ఆమె కుడితే పక్క తండాలవాళ్లు కూడా వచ్చి చూసిపోయేవాళ్లు. కూతురికి ఆ చెయ్యే వచ్చింది. కాకపోతే ఎడమది.

మొదటి వారం మామూలు నూలు దారంతో కుట్టించారు. గంగ కాడకుట్టు వేస్తే గీత గీసినట్టు వచ్చింది. మాలతి చేసిందల్లా ఆమెను తనకు ఎదురుగా కూర్చోబెట్టుకోవడమే. ఎడమచేతి పిల్లలు ఎవరొచ్చినా టీచర్లు చేసే పనే అది. "నన్ను అద్దంల చూసినట్టు చూడు. నేను ఇటు లాగితే నువ్వు అటు లాగు" అంది. గంగ నవ్వి, "మా యాడి గూడ నాకు గిట్లనే నేర్పింది అక్కా" అంది. తల్లిని ఆమె యాడి అనే పిలుస్తుంది. మాలతిని మిగతావాళ్లంతా మేడం అంటే, గంగ ఒక్కతే అక్కా అనేది.

రేయాన్ దారం చేతికొచ్చాక కథ మారింది. సూదికి దారం పది పన్నెండు చుట్లు చుట్టి, ఆ చుట్ల మధ్య నుంచి సూది లాగితే బిగువుగా మెలికపడి ఒక రేకు నిలబడాలి. అందరికీ కొద్దో గొప్పో నిలబడింది. గంగ లాగితే చుట్లు వదులయ్యేవి, దారం పోగులు పోగులుగా విచ్చుకుని దూది పింజలా అయ్యేది. విప్పి కుట్టేది. మళ్లీ అంతే.

ఒకరోజు ఆమె దారం ముక్కను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"అక్కా, గీ దారం పురి ఉల్టా ఉన్నట్టుంది. గది అటు తిరిగి ఉంటె నేను ఇటు చుడుతున్ననేమో. గందుకే ఇచ్చుకపోతుందేమో."

సరిగ్గా అదే సంగతి. కానీ మాలతికి అది తెలియదు. పుస్తకం చెప్పలేదు, వీడియోలు చెప్పలేదు. తెలియదని చెప్పడానికి బదులు నోటికి వచ్చింది అనేసింది.

"దారానిది తప్పేందే? పదిహేడు మందికి వస్తలేదా? నువ్వు సక్కగ చూస్తలేవు."

పదిహేడు మందీ తలెత్తి చూశారు. గంగ దారం ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

మూడో వారం ఒక ఆదివారం ఇంట్లో బట్టలు మడతపెడుతుంటే మాలతికి రింగుల పుస్తకం గుర్తొచ్చింది. ఎడమచేతి పేజీల పైన నల్ల గీతల పెట్టెలో ఏదో రాసి ఉంది. రెండు దారాల బొమ్మలు, ఒకటి ఇటు మెలి తిరిగింది, ఒకటి అటు. అప్పుడు చదవలేదు గానీ చూసింది. కళ్లముందు కనిపిస్తోంది. మడతపెడుతున్న చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. శైలేందర్‌కు ఫోన్ చేసి ఒక్క కాపీ తెప్పించమంటే నాలుగు రోజుల్లో వస్తుంది. ఫోన్ తీసింది. 'వృథా అని రాసిచ్చింది మీరే కద మేడం' అంటాడు. అంటే ఏం చెప్పాలి? అసలు ఈ కుట్టు తనకు పూర్తిగా రాదన్న సంగతి దాకా పోతుంది మాట. ఫోన్ కింద పెట్టేసి చీర మడత పూర్తి చేసింది.

సోమవారం పొద్దున గంగతో, "నువ్వు కుడిచేత్తోటి కుట్టు. గప్పుడే వస్తది" అంది.

గంగ పది రోజులు కుడిచేత్తో కుట్టింది. చిన్నపిల్ల మొదటిసారి పలక పట్టినట్టు వంకర టింకరగా వచ్చేవి కుట్లు. వేళ్ల నిండా సూది పోట్లు. పక్కవాళ్లు నవ్వుతుంటే తనూ నవ్వడానికి చూసేది. మాలతి ఆ వైపు వెళ్లడం తగ్గించింది. పదకొండో రోజున గంగ సూదిని మళ్లీ ఎడమచేతికి మార్చుకుంది.

శిక్షణ చివర్లో హైదరాబాద్ నుంచి ఒక బొటిక్కు ఆమె వచ్చింది. ఎల్లారెడ్డిలో చిన్న కేంద్రం తెరుస్తారు, దాన్ని చూసుకునేందుకు ఒకరిని ఎంచుతారు అన్నారు. ఎల్లారెడ్డి అనగానే అందరూ గంగ వైపు చూశారు. బల్ల మీద పద్దెనిమిది గుడ్డలు పరిచారు. వచ్చినామె ఒక్కొక్కటే చూస్తూ ఒక గుడ్డ దగ్గర ఆగింది. విచ్చుకుపోయిన దారం, పడిపోయిన రేకులు.

"ఇది ఎవరిది?"

ఆ గుడ్డ చూసి నేర్పినవాళ్లెవరు అంటారేమోనని మాలతికి భయం వేసింది. ఆ భయంలో గబగబా చెప్పేసింది.

"ఆమె చెయ్యే గట్లుంటది మేడం. ఎన్ని తీర్ల చెప్పినా రాలేదు. గా చెయ్యి ఈ పనికి పనికిరాదు."

గంగ లేచి వచ్చింది. బల్ల మీది తన గుడ్డను తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఎవరి వైపూ చూడకుండా వెళ్లి తన చోట కూర్చుంది. మరునాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఎల్లారెడ్డి కేంద్రం మెహక్‌కు ఇచ్చారు. ఆ బ్యాచ్‌లోనే ఉన్న ఎల్లారెడ్డి పిల్ల, శ్రద్ధగా పనిచేసేది. ఆమెను వేలెత్తి చూపడానికేమీ లేదు.

గంగకు రాలేదు కాబట్టి మానేసింది అనుకుంది మాలతి. ఎంత అనుకున్నా అది నిలిచేది కాదు. ఎవరైనా "నమస్తె మేడం" అని సీటిస్తే ఇదివరకులా కూర్చోలేకపోయేది. "పర్వాలేదు, దిగుడే" అని అబద్ధమాడి నిలబడేది.

ఏడు నెలలు గడిచాయి. మే నెలలో కొత్త బ్యాచ్‌కు ఏర్పాట్లు మొదలయ్యాయి. శైలేందర్ మళ్లీ పుస్తకాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పోయినసారి పుస్తకం మంచిగలేదంటున్నరు మేడం. పూలు బాగున్నయి గాని నడుమ ఏం చేయాల్నో తెలుస్తలేదట. ఈసారి జర చూసి చెప్పండ్రి."

కట్ట విప్పితే పైనే ఉంది రింగుల పుస్తకం.

ఈసారి మాలతి ఆ నల్ల గీతల పెట్టెలోని మాటలను ఒక్కొక్కటే ఫోన్‌లో అర్థం చూసుకుంటూ చదివింది. ఈ దారం పురి మామూలు దారానికి వ్యతిరేక దిశలో ఉంటుంది. చుట్టు ఎటు తిరగాలో నిర్ణయించేది దారమే తప్ప చెయ్యి కాదు. ఎడమచేతితో కుట్టేవారు కుడిచేతి పద్ధతిని అద్దంలో చూసినట్టు అనుకరిస్తే పురి విప్పుకుపోయి దారం చెడుతుంది.

అద్దంలో చూసినట్టు. ఆ మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది.

పుస్తకం సంచిలో పెట్టుకుని తిన్నగా కుల్సుం దుకాణానికి పోయింది. స్టూలు లాక్కుని కూర్చుని, సూది ఎడమచేత్తో పట్టుకుంది. అలవాటులేని చేత్తో నాలుగు చుట్లు చుట్టడానికే చెమట పట్టింది. తను గంగకు నేర్పినట్టే అద్దంలోలా చుట్టి లాగింది. దారం విచ్చుకుపోయింది, అచ్చం గంగకు వచ్చినట్టు. తర్వాత పుస్తకంలో బాణం చూపిన వైపు చుట్టి లాగింది. రేకు వంకరగా వచ్చింది గానీ నిలబడింది.

కుల్సుం గిరాకీని పంపి వచ్చి పక్కన నిలబడింది. నూలు దారం ఒకటి, రేయాన్ దారం ఒకటి పక్కపక్కన పట్టి చూపించింది. "గిదో, దీని పురి ఇటు, దాని పురి అటు. నువ్వు అడిగితే నేను చెప్పకపోదునా?" అంది. తర్వాత మాలతి ముఖం చూసి గొంతు తగ్గించింది. "గా తండా పిల్ల సంగతేనా? నీకు ఎప్పుడు ఎర్కయింది?"

"ఇప్పుడే ఆపా."

కుల్సుం దారాలు చుడుతూ ఉండిపోయింది. మాలతి తల దించుకుంది.

"కాదు ఆపా. అప్పుడే అనుమానమొచ్చింది. పుస్తకంల ఏదో ఉన్నదని గుర్తొచ్చింది. ఫోన్ చేద్దామని తీసి, పెట్టేసిన. నా ఇజ్జత్ పోతదని."

"నాకు చెప్తె ఏమొస్తది మాలతీ?" అంది కుల్సుం. కోపం లేదు ఆ గొంతులో. "ఆ పిల్లకు చెప్పు పో."

ఆ ఆదివారమే మాలతి ఎల్లారెడ్డి బస్సెక్కింది. బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకుని తండాకు పోయింది. యాసంగి మక్కలు రోడ్డు సగానికి ఆరబోసి ఉన్నాయి. ఒక ముసలామె కాళ్లతో మక్కలు తిరగదోస్తోంది. వయసు మీద పడినా నడుము వంగని ఆమె మోతి అని, రవిక మీది కుట్టు చూడగానే మాలతికి తెలిసిపోయింది.

తనెవరో చెప్పింది. మోతి కాసేపు ఎగాదిగా చూసింది.

"నువ్వేనా మేడం? నా బిడ్డె సూది ముట్టక ఏడు నెల్లాయె. మొన్న పెండ్లికి నా రవికె అద్దాలు ఊడితే నేనే కుట్టుకున్న, కండ్లు కానొస్తలేవు నాకు. జర కుట్టియ్యే అంటే నా చెయ్యి పనికిరాదు యాడీ అంటది. ఎవలన్నరే అంటే చెప్పదు."

నీడకు కూర్చోమని మోతి గోనెసంచి పరిచింది. ఇచ్చిన నీళ్లు తాగలేక మాలతి చెంబు పక్కన పెట్టింది.

గంగ చేను దిక్కు నుంచి వచ్చింది. మాలతిని చూసి రోడ్డు మధ్యలో ఆగింది. తర్వాత వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"ఏంది మేడం, గిట్లొచ్చినవ్?"

అక్కా అనలేదు. మాలతి సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, మొదటి నుంచి చెప్పింది. తనకు ఆ కుట్టు సగమే వచ్చునన్నది, పుస్తకం వద్దని ఏం రాసిందీ, ఆదివారం ఫోన్ తీసి ఎందుకు పెట్టేసిందీ, అన్నీ. చెబుతుంటే ఎక్కడెక్కడ మాట మెత్తబరచాలని నాలుక పోతోందో తనకే తెలుస్తోంది. గంగ పుస్తకం వైపు చూడలేదు. మాలతి ముఖమే చూస్తూ విన్నది.

"నేను చెప్పిన గద" అంది చివరికి. "దారం ఉల్టా తిరిగి ఉన్నదని."

"చెప్పినవ్."

"నువ్వేమన్నవ్?"

"సక్కగ చూస్తలేవన్న."

"నేను నిజమే అనుకున్న మేడం. నా చెయ్యిదే తప్పు అనుకున్న. ఇంటికొచ్చి అన్ని పనులు కుడిచేత్తోటి చేసుడు మొదలుపెట్టిన, చెయ్యి మారితే మళ్ల వచ్చి నేర్చుకుందామని. కార్తీకంల వరి కోస్తుంటే కొడవలి గూడ గిట్లనే పట్టిన."

ఎడమచెయ్యి చాపింది. చూపుడు వేలు మీద, గోరు కింద నుంచి రెండో కణుపు దాకా, తెల్లటి గాటు.

"ఎల్లారెడ్డి దవాఖానల కుట్లేసిన్రు. కొసకు స్పర్శ లేదు. చల్లగున్నదో ఏడిగున్నదో ఎర్క కాదు."

మోతి కూతురి వైపు చూసింది, మాలతి వైపు చూసింది. ఆ గాటు వెనక ఇంత కథ ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మక్కల దగ్గరికి వెళ్లిపోయింది.

మాలతి ఏడవకూడదని పళ్లు బిగపట్టింది. ఇక్కడ తను ఏడిస్తే గంగే ఓదార్చాల్సి వస్తుంది. అంత అన్యాయం ఇంకోటి ఉండదు.

"నీకేం చేస్తె మంచిగుంటదో చెప్పు గంగా. పుస్తకం నీకే తెచ్చిన. నేర్చుకుంటనంటే నేనే ఇక్కడికొచ్చి చెప్త."

"పుస్తకం వద్దు. నువ్వు అందరి ముందట అన్నవ్. బొటిక్కు మేడం ముందట, మెహక్ ముందట, పదిహేడు మంది ముందట. ఇప్పుడు ఒక్కదానివే వచ్చి చెట్టుకింద చెప్తె ఎట్ల? అందరి ముందటనే చెప్పు. సార్ ముందట గూడ."

"చెప్త" అంది మాలతి.

తిరుగు బస్సులో దారి పొడుగునా ఆమె వాక్యాలు కూర్చుకుంది. 'పుస్తకం సరైంది కాకపోవడం వల్ల' అంటే ఎలా ఉంటుంది? 'కొత్త విద్య కాబట్టి ఒక చిన్న పొరపాటు' అంటేనో? ఏది అనుకున్నా అందులో గంగ వేలు లేదు. ఏ వాక్యం కూర్చినా అది తనను కాపాడుకోవడానికే పనికొచ్చేలా ఉంది. కామారెడ్డి వచ్చేసరికి ఏ వాక్యమూ మిగల్లేదు.

కొత్త బ్యాచ్ మొదటి రోజున పాతవాళ్లను కూడా పిలిపించింది. పదకొండు మంది వచ్చారు. మెహక్ ఎల్లారెడ్డి కేంద్రానికి సెలవు పెట్టి వచ్చింది. గంగ తల్లిని వెంటబెట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చుంది. బొటిక్కు ఆమె రాలేదు. ఆమెకు మాలతి ఉత్తరం రాసి, పంపేముందు గంగకు చదివి వినిపించింది.

శైలేందర్ రెండు మాటలు చెప్పి కూర్చున్నాక మాలతి లేచింది. ఎదురుగా ముప్పై ముఖాలు.

"పోయిన బ్యాచ్‌ల పుస్తకం సరిగ లేకపోవుట్ల ఒకామెకు..." అని మొదలుపెట్టింది. వెనక వరసలో గంగ కదల్లేదు. చూస్తోందంతే. మాలతి ఆగింది. "పుస్తకానిది కాదు. నాది తప్పు" అంది.

ఆ తర్వాత మాట ఆగలేదు. తనకు రాని విద్యను వచ్చని చెప్పింది, తన లోటు బయటపడుతుందని మంచి పుస్తకాన్ని కాదని నాసి పుస్తకం ఎంచింది, గంగ ఉన్నది ఉన్నట్టు చెబితే నోరు మూయించింది, తర్వాత అనుమానం వచ్చినా దాచింది, అన్నీ చెప్పేసింది. "గంగ చెయ్యి పనికిరాదని మీ ముందటనే అన్న. అది అబద్ధం. గంత మంచి చెయ్యి నా పన్నెండేండ్లల్ల నేను చూడలేదు" అంది.

శైలేందర్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "మేడం, గివన్నీ ఇక్కడెందుకు? ఆఫీసుల మాట్లాడుకుందాం."

"ఆఫీసుల అనలేదు సార్ నేను. ఇక్కడనే అన్న."

పాత బ్యాచ్‌లో గంగను చూసి ఎక్కువగా నవ్విన ఒకామె తల దించుకుంది. మెహక్ లేచి గంగ పక్కకు పోయి కూర్చుంది. "నాకు ఎర్క లేదు గంగా, కసం" అంది నెమ్మదిగా. "నీదేం లేదే" అంది గంగ.

తర్వాత గంగ తల్లిని లేపి, "బస్సుకు టైం అయితుంది" అని బయల్దేరింది. గడప దగ్గర ఆగి మాలతి వైపు ఒకసారి తల ఊపింది. క్షమించినట్టు కాదు. విన్నాను అన్నట్టు.

వారం తర్వాత శైలేందర్ మాలతిని పిలిచి, పుస్తకాలు ఈసారి ఆమె ఒక్కతే ఎంచడం కుదరదన్నాడు. ఆ మాట గుచ్చుకున్నా న్యాయమే అనిపించింది ఆమెకు. "ఇంగ్లీషు రానివాళ్లే ఎంచాలె సార్. వాళ్లకే కద పుస్తకం" అని, గంగకు ఫోన్ చేసింది. రెండుసార్లు చేసినా ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, అంతా విని, "నాట్లు కాకముందే అయితే వస్త. నా కైకిలి పైసలు నాకియ్యాలె, ఉత్తగ రాను" అంది. శైలేందర్ ఒప్పుకున్నాడు.

గంగ రోజంతా కూర్చుంది. ఒక్కో పుస్తకం ముందు పెట్టుకుని, అక్షరాల జోలికి పోకుండా, బొమ్మలు చూస్తూ కుట్టింది. స్పర్శ లేని వేలిని పక్కకు చాపి, దారాన్ని నడిమి వేలితో ఆపుకుంటూ కుట్టింది. మాలతి చూపు తిప్పుకోలేదు. గులాబీల పుస్తకంలో మొదటి బొమ్మ నుంచి రెండో బొమ్మకు గంగ పోలేకపోయింది. రంగుల పట్టికల పుస్తకంలో దారం సూదికి ఎంత పొడుగు ఎక్కించాలో బొమ్మ బాగుందని ఆ పేజీకి గుర్తు పెట్టించింది. చివరికి రింగుల పుస్తకం తెరిచింది. ఒక్కో బొమ్మా దాటుకుంటూ పోయి, మూడో కుట్టు ఏడో బొమ్మ దగ్గర ఆగింది.

"మేడం, గీ బాణం తప్పు."

"ఏది?"

"ఎడమచేతి పేజీల ఏడోది. ఆరోదాంట్ల ఇటు చుట్టమంటుంది, ఏడోదాంట్ల అటు చూపిస్తుంది. గిట్ల చుడితే ఇచ్చుకపోతది."

మాలతి వెంటనే ఔననలేదు, కాదనలేదు. సూది తీసుకుని ఎడమచేత్తో బాణం చూపినట్టే చుట్టి లాగింది. దారం విచ్చుకుపోయింది. "నువ్వు చెప్పిందే నిజం" అంది.

ఆ పుస్తకమే ఖాయం చేశారు. పది కాపీలు వచ్చాక గంగ మళ్లీ వచ్చి ఒక్కోదాంట్లో ఏడో బొమ్మ బాణం కొట్టేసి, ఎర్ర పెన్నుతో సరైన వైపు గీసింది. కొత్త బ్యాచ్‌వాళ్లు చుట్టూ మూగి ఎందుకని అడిగితే, దారం ముక్క వెలుతురుకు పట్టి పురి చూపించి చెప్పింది. పక్కనే నిలబడి మాలతి కూడా విన్నది. నాట్లు అయ్యాక వారానికి రెండు రోజులు వచ్చి చెప్పేందుకు గంగ ఒప్పుకుంది. ఎల్లారెడ్డి కేంద్రం మెహక్‌దే. దాన్ని మార్చే మాట ఎవరూ ఎత్తలేదు, గంగ కూడా అడగలేదు.

సాయంత్రం మాలతి ఆమెతో బస్టాండు దాకా నడిచింది. నా మీద కోపం పోయిందా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే పోయిందనే అంటుంది, మర్యాదకు. ఆ మర్యాద కూడా తన కోసం ఖర్చు చేయించడం ఎందుకని అడగలేదు. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. గంగ కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుని, తల బయటికి పెట్టింది.

"మేడం, ఆ సూదులు మారిపియ్యిండ్రి. కన్ను కాడ లావున్నయి, చుట్లల్ల నుంచి రావు. కొస నుంచి మొదలు దాకా ఒక్క తీరుగ సన్నగుండేటియి తేవాలె."

"తెప్పిస్త. ఎన్నో నంబరు?"

"నంబరు నాకెర్క లేదు. కుల్సుం ఆపా దుకాణంల చూసి నేనే తీస్త, వచ్చే సోమారం."

బస్సు కదిలింది. మాలతి స్టేషన్ రోడ్డు వైపు తిరిగింది, ఆ సూదులు ఉన్నాయో లేవో ముందే కనుక్కుని పెట్టడానికి.